బయటికి తెలుస్తుందా?

జూన్ 3

వదినకి,

జిగురు చేతులతో రాస్తున్నాను, కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటే తిట్టకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్ చేస్తే పక్కనుంచి అన్నయ్య సలహాలిస్తాడు, నువ్వు ఆయనకి జవాబు చెబుతావు, మధ్యలో నా మాట నలిగిపోతుంది. అందుకే ఉత్తరం.

కొట్టు నడవడం లేదు వదినా. ఎదురుగా ఉన్న ఎముకల ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి మనుషుల్ని పంపేవారు. ఆయన రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. కొత్తాయన "చెప్పులా? నెట్‌లో చూసుకోండి" అంటాడట. నెట్‌లో నేనుంటేగా! అన్నయ్య తన కార్డుతో కొనిపెట్టిన సైటు ఉంది కదా, దాన్ని వెతుకుదామని మొన్న ఫోన్‌లో "చేత్తో కుట్టిన బూట్లు" అని కొట్టాను. పెద్ద కంపెనీలన్నీ వచ్చాయి. వేలు నొప్పెట్టేదాకా కిందికి జరిపాను. నేను లేను. నా కొట్లో కూర్చుని నేనే నాకు దొరకలేదు.

దీనికి మందు ఉందట. ఎస్ఈఓ అంటారు. జనం వెతికినప్పుడు మన కొట్టు పైకి కనిపించేలా సైటుని సర్దుతారట. ఇద్దరు వచ్చి వెళ్లారు. ఒకాయన మెడకి టై, చేతిలో టాబ్లెట్, నెలలో మొదటి స్థానం అన్నాడు. రెండో ఆవిడ మొదటి స్థానం సంగతి ఎత్తనే లేదు. కూర్చున్నంతసేపూ ప్రశ్నలే. ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు. కొట్టు గలాయన అద్దె కాగితం మళ్లీ రాసుకుంటానో లేదో సెప్టెంబరు ఆఖరుకి చెప్పమన్నాడు. మాల్‌లో బూట్ల కౌంటరులో ఉద్యోగం రమ్మంటున్నారు. అక్కడ కుట్టడం ఉండదు, డబ్బా విప్పి చూపించడమే.

నాకు కొట్టు వదలాలని లేదు. నాలుగు కొట్లు తిరిగి, అందరినీ అడిగి నువ్వు ఫ్రిజ్ కొన్నట్టు దీన్ని కూడా చూసి చెప్పు.

నీ పిట్ట

జూన్ 9

పిట్టకి,

నీ ఉత్తరం నిజంగానే అంటుకుపోయింది. ఆవిరి పట్టి విడదీశాను. రెండో పేజీ మధ్యలో ఒక తోలు ముక్క కూడా దొరికింది, దాచాను.

ముందు మీ అన్నయ్య సంగతి చెప్పేస్తాను, లేకపోతే అదే అడుగుతావు. బాగున్నారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే అలవాటు ఇంకా పోలేదు. మా లిఫ్ట్ పాడై, మెట్లెక్కి మెట్లెక్కి ఆయన పొట్ట కాస్త తగ్గింది. లిఫ్ట్ బాగు చేయొద్దని చెప్పి వద్దామా అనుకుంటున్నాను.

ఇక నీ విషయం. ఎస్ఈఓ నాకూ తెలియదు. కంటి ఆపరేషన్ కూడా తెలియదు, కానీ అత్తయ్యగారికి డాక్టర్ని నేనే కుదిర్చాను కదా. తెలియని పని ఎవరికైనా అప్పజెప్పేటప్పుడు నేను ఒకటే చేస్తాను. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన రాసుకుంటాను. జవాబు కంటే ముందు, ప్రశ్న విన్నప్పుడు వాళ్ల ముఖం చూస్తాను. మంచి పనివాడికి ప్రశ్నంటే విసుగుండదు.

వీళ్లిద్దరినీ ఇలా అడుగు. ఇంతకుముందు ఎవరి కొట్టుకి చేశారు, నేను వాళ్లతో మాట్లాడొచ్చా? నెలనెలా ఏం చేశారో నాకు అర్థమయ్యే మాటల్లో రాసిస్తారా? రేపు నేను మిమ్మల్ని వద్దనుకుంటే సైటు తాళాలు, అంటే ఆ పాస్‌వర్డులు, ఎవరి చేతిలో ఉంటాయి? అనుకున్నది జరగకపోతే ఏం చేస్తారు? ఈ చివరిది అడిగి నోరు మూసుకుని కూర్చో. "జరగకపోవడమనేదే ఉండదు" అన్నవాణ్ణి నేనైతే కాఫీ ఇచ్చి పంపేస్తాను. ఆ వెతికే యంత్రం వాళ్లింట్లో లేదు కదా, అది ఎవర్ని ముందు చూపిస్తుందో వాళ్లెలా మాటిస్తారు?

ఇంకో అనుమానం. నీ సైటు తెరిచి చూశాను. అన్నీ పార్టీ బూట్లూ, మెరుపు బకిల్సూ. నువ్వు చేసే అసలు పని ఏదీ? ఒక్క బొమ్మా లేదేం?

మాల్ ఉద్యోగం గురించి కూడా ఒక కాగితం మీద మంచీచెడూ రాసి చూడు. తొందరపడి సంతకం పెట్టకు.

నీ వదిన

(ఈ మూల మీ అన్నయ్యకి వదిలాను: "పిట్టా, మీ వదిన మాట విను. నేను వినడం మొదలుపెట్టాకే బాగుపడ్డాను. కళ్లజోడు దొరికింది.")

జూన్ 24

వదినా,

నువ్వు కూడా మాల్ వైపే మొగ్గుతున్నావని అర్థమైంది. తప్పు పట్టడం లేదు. లెక్క వేసి చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ నేను లెక్క వేయలేను, వేస్తే కొట్టు మూసెయ్యాల్సి వస్తుంది.

అందుకని టై ఆయనకి సంతకం పెట్టేశాను. నీ ప్రశ్నలు అడగలేదనుకోకు. "ఎవరితో మాట్లాడొచ్చు?" అంటే ఒక కర్టెన్ల కొట్టు నంబరిచ్చాడు, కింద రాస్తున్నాను. "జరగకపోతే?" అంటే నవ్వి, "మేడమ్, మీరు చెప్పుల సంగతి చూసుకోండి, నెట్ సంగతి నాకొదిలేయండి" అన్నాడు. నువ్వు చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయనా కూర్చున్నాడు. చివరికి నేనే కాఫీ ఇచ్చాను, పంపడానికి కాదు, మొహమాటానికి.

ప్రశ్నల ఆవిడని వద్దన్నాను, ఆవిడ ఇచ్చిన విజిటింగ్ కార్డు ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆవిడ నీ ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పింది. ఫలితం కనపడడానికి నెలలు పడుతుంది, మొదటి స్థానం అని మాటివ్వలేను, తాళాలు మీ దగ్గరే ఉంటాయి అంది. తర్వాత తన ప్రశ్నలు మొదలుపెట్టింది. "మీ దగ్గరికి అసలు ఎవరొస్తారు? ఆ కుర్చీలో కూర్చోగానే మొట్టమొదట ఏమంటారు? ఆ మాటే వాళ్లు ఫోన్‌లోనూ వెతుకుతారు, అది సైటులో ఉండాలి" అంది. నేను చెప్పలేదు. చెప్పలేను కూడా. కారణం అడక్కు.

సైటులో బొమ్మల గురించి నువ్వు అడిగినదానికీ అదే జవాబు.

పిట్ట

జూలై 6

మరదలుగారికి,

మీ సైటు మళ్లీ చూశాను. కర్టెన్ల కొట్టుకి ఫోన్ చేసే ముందు, మీ టై ఆయన పని ఎలా ఉందో చూద్దామని తెరిచాను. కొట్టు నిజంగానే కాస్త పైకి వచ్చింది. అభినందనలు.

కింద కొత్తగా బోలెడు మంది అభిప్రాయాలు రాశారు. అందరూ ఒక్క చేత్తోనే రాసినట్టున్నారు. వాటిలో ఒకటి చదివాక ఇక చదవలేకపోయాను. "నేను గృహిణిని. నా ఎడమ కాలు పొట్టి. పెళ్లయినప్పటినుంచీ కుంటినడకతో సిగ్గుపడి బతికాను. ఈ కొట్టులో చేసిన బూటు వేసుకున్నాక వీధిలో ఎవరికీ తెలియడం లేదు."

ఎడమ కాలే. గృహిణే.

మీకు కొట్టు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఒక్క మాట అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. అడగలేదు. అది చాలు.

కర్టెన్ల కొట్టుకి ఫోన్ చేయడం ఇక నా పని కాదనుకుంటాను.

మీ అన్నయ్యగారు కులాసా.

ఇట్లు
వదిన

జూలై 10

వదినా, వదినా,

నన్ను మీరు అనకు. "మరదలుగారికి" అన్న మాట చదివి కొట్టు షట్టరు దించేశాను. ఒకామె బూటు తీసుకోవడానికి వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోయింది.

అది నేను రాయించలేదు. నమ్ము. టై ఆయన ఆఫీసుకి వెళ్లి గొడవ పెట్టుకున్నాను.

"ఎవరు రాశారిది?"

"మా కంటెంట్ టీమ్ మేడమ్. అన్నీ మేమే రాస్తాం. అందరూ చేసేదే."

"ఆ కాలు కథ మీకెవరు చెప్పారు?"

"మీరేగా మేడమ్!"

అప్పుడు గుర్తొచ్చింది. నా అలమారలో అందరి కొయ్య పాదాలూ వరసగా ఉంటాయి కదా. మనిషి కొలత తీసి చెక్కతో చేసి, వాటి మీదే బూటు కుడతాను. ఒకసారి చేశాక పారేయను, చీటీ కట్టి పెడతాను. అన్నిటికంటే పైన, దుమ్ము పడకుండా గుడ్డ కప్పినవి నీవి. మొదటిరోజు ఆయన గుడ్డ ఎత్తి చూశాడు. చీటీ మీద "వదిన, ఎడమ, లేపాలి" అని ఉంది. "ఎవరిది మేడమ్?" అన్నాడు. "మా వదినది, ఇంట్లోనే ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి" అన్నాను. అంతే. ఆ నాలుగు ముక్కలతో కథ అల్లేశాడు. అంటే కాస్త నా నోటినుంచి వచ్చినదే. దానికి ఎంత తిట్టినా పడతాను.

కారణం అడక్కు అన్నాను కదా, ఇప్పుడు చెబుతాను. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో వంటింటి వెనకాల ఎడమ బూటులో పాత గుడ్డ మడత పెట్టి కుక్కుతుంటే చూశాను. నేనప్పుడు బడి పిల్లని. అన్నయ్య చీటీలు గుచ్చుకోవడానికి గోడకి తగిలించుకున్న కార్క్ పలక మూల కోసి, నీ బూటు లోపల అంటించాను. పలక పాడుచేశానని అన్నయ్య నన్ను వీధి చివరిదాకా తరిమాడు. నువ్వు ఆ బూటు వేసుకుని గుమ్మం దాకా నడిచి, తిరిగొచ్చి, నా చెంపలు పట్టుకుని, "ఎవరికీ చెప్పకేం పిట్టా" అన్నావు. నేను చేసిన మొదటి బూటు అదే. తర్వాత చేసినవన్నీ దాని తమ్ముళ్లే.

ఎవరికీ చెప్పలేదు వదినా. కొట్టు పెట్టినప్పుడు కూడా. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా నీలాంటివాళ్లే, ఒక కాలు పొట్టి, ఒక పాదం చిన్నది, ఆపరేషన్ అయినవాళ్లు. కుర్చీలో కూర్చోగానే అందరూ ఒకటే అడుగుతారు, "బయటికి తెలుస్తుందా?" అని. సైటులో ఆ పని సంగతి రాస్తే, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అంటారు. మీ ఇంటికి వచ్చేవాళ్లు చూస్తారు, నీ నడక చూస్తారు. అందుకే పార్టీ బూట్ల బొమ్మలు పెట్టాను. అవి నేను కుట్టడమే అరుదు. ప్రశ్నల ఆవిడకి నేనేం చెప్పను?

ఇప్పుడు టై ఆయన తాళాలివ్వనంటున్నాడు. పార్టీ బూట్లు అడుగుతూ మనుషులొస్తున్నారు, కొయ్య పాదాలు చూసి భయపడి వెళ్లిపోతున్నారు. మాల్ వాళ్లకి ఫోన్ చేద్దామనుకుంటున్నాను.

నీ పిట్టనే
(ఇంకా అవునో కాదో రాయి)

జూలై 15

నా పిట్టకి,

అవును. ఎప్పటికీ.

నీ ఉత్తరం చదివి బాల్కనీలో కూర్చుండిపోయాను. మీ అన్నయ్య వచ్చి, "కూర మాడుతోంది" అన్నారు. మాడనివ్వండి అన్నాను. నా నోట ఆ మాట విని ఆయన భయపడి స్టవ్ ఆపేసి, వచ్చి పక్కన కూర్చున్నారు. ఉత్తరం ఆయనకిచ్చాను. చదివి, "ఆ కార్క్ పలక అందుకా!" అన్నారు. ఇన్నేళ్లూ నువ్వు అల్లరికి కోశావనే అనుకున్నారట, పాపం.

ఒక్క రోజు కోసం నేనన్న మాటని నువ్వు కొట్టు గోడలన్నిటికీ కట్టేసుకున్నావు. నా కాలు దాచడానికి నీ పనే దాచేశావు. నువ్వు చేసేది దాచి, చెయ్యనిది చూపిస్తే, కావలసినవాళ్లకి ఎలా దొరుకుతావే పిచ్చిదానా? మాల్ వైపు నేనెప్పుడూ లేను. మంచీచెడూ రాస్తే మాల్‌లో మంచి ఏమీ లేదని నీకే తెలుస్తుందని రాయమన్నాను. ఈసారి నుంచి నా ఉద్దేశం కూడా రాస్తాను.

ఇక పనులు. కర్టెన్ల కొట్టాయనతో మాట్లాడాను. పాపం, టై ఆయన తన నంబరు ఇంకా అందరికీ ఇస్తున్నాడని ఆయనకి తెలియదు, ఎవరైనా అడిగితే మెచ్చుకోవడానికి కాదు, తిట్టడానికి ఎదురుచూస్తున్నట్టున్నాడు. సైటు పేరే టై ఆయన తన పేరున కొన్నాడట. వదిలించుకోవాలంటే కొట్టు పేరే మార్చుకోవాల్సి వచ్చిందట. నీ సైటు అలా కాదు. పేరు మీ అన్నయ్య కార్డుతో కొన్నాం, దానికి ఇచ్చిన మెయిలు నాది. అంటే అసలు తాళం నా దగ్గరే ఉంది. నిన్న ప్రశ్నల ఆవిడ ఫోన్‌లో చెబుతుంటే నేనూ మీ అన్నయ్యా కూర్చుని పాస్‌వర్డులన్నీ మార్చేశాం. ఆయన కళ్లజోడు కోసం ఒకసారి ఆగాల్సి వచ్చింది. దొంగ అభిప్రాయాలు తీసేయమని అడిగే పద్ధతి కూడా ఆవిడే చూపించింది.

అవును, ఆవిడకి నేనే ఫోన్ చేశాను. నువ్వు వద్దన్నావని తనకి కోపం లేదు. "మీ మరదలు చెప్పలేకపోయారు, మీరేమైనా చెప్పగలరా?" అంది. చెప్పాను. "ఫోన్‌లో మీరైతే ఏమని వెతుకుతారు?" అంది. నేను వెతికాను పిట్టా. నీ బూట్లు ఉండగానే, ఇంకెక్కడైనా నాలాంటివాళ్లున్నారా అని వంటింట్లో నిలబడి వెతికేదాన్ని. "ఒక కాలు పొట్టిగా ఉంటే బూట్లు ఎక్కడ చేస్తారు." ఆ మాటలే చెప్పాను. ఆవిడ వాటిని ఉన్నదున్నట్టు రాసుకుంది. తర్వాత, "ఇదే రాద్దాం" అంది.

సైటులో పెట్టడానికి ఈ నాలుగు మాటలు రాశాను. నచ్చకపోతే కొట్టెయ్. "ఒక కాలు పొట్టిగా ఉన్నా, ఒక పాదం చిన్నదైనా మా దగ్గరికి రండి. రెండు పాదాలూ విడివిడిగా కొలుస్తాం. ఎత్తు లోపల పెట్టాలో బయట పెట్టాలో మీరే చెప్పండి. మొదటి బూటు మా ఇంట్లో ఒకావిడకే చేశాం. ఆవిడ ఇంకా నడుస్తోంది." నా బూటు నిలువునా కోయించి, లోపలి ఎత్తు కనిపించేలా మీ అన్నయ్య ఫోటో తీశారు. పక్కనే నా కాలు కూడా పడింది. తీసేయమన్నాను, మళ్లీ వద్దన్నాను. ఉండనీ. పేరు అక్కర్లేదు, కాలు చాలు.

నీ వదిన

సెప్టెంబరు 11

వదినా,

ఆలస్యమైంది, చేతినిండా పని. అయ్యయ్యో, నిజంగా చేతినిండా అనేంత లేదు. కానీ ఉంది.

ప్రశ్నల ఆవిడ నెలనెలా ఒక కాగితం పంపుతోంది. ఏం మార్చింది, ఎంతమంది చూశారు, ఏది పని చేయలేదు. పని చేయనిది కూడా రాస్తుంది వదినా, నీ లెక్కల పుస్తకంలాగే. మొదటి స్థానం రాలేదు. "చేత్తో కుట్టిన బూట్లు" అని కొడితే ఇప్పటికీ నేను లేను. అది మనకెందుకు, పెద్ద కంపెనీలని తీసుకోనివ్వండి అంటుంది. నీ మాటలు కొడితే మాత్రం ఉన్నాను. దొంగ మెప్పులన్నీ పోయి నిజమైనవి కొన్నే మిగిలాయి. వాటిలో ఒకాయన "కుర్చీ కొంచెం ఎత్తుగా ఉంది" అని కూడా రాశాడు. కుర్చీ కాళ్లు కోశాను.

మొన్న ఒక పెద్దాయన సంచిలో ఒక్క బూటు పెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మీ సైటులో ఆ కాలు ఎవరిదమ్మా?" అన్నాడు.

"మా వదినది."

"ఆవిడ నడుస్తుంటే తెలుస్తుందా?"

అలవాటుగా "తెలియదండీ" అనబోయాను. ఎందుకో ఆగాను. "చూస్తే తెలుస్తుంది. కానీ ఆవిడ ఎక్కడికి వెళ్లాలంటే అక్కడికి వెళ్తుంది" అన్నాను.

ఆయన లోపలికి వచ్చి కూర్చున్నాడు. సంచి కింద పెట్టి, "మా మనవరాలి బడి గేటు దాకా వెళ్లాలి నాకు. అంతే" అన్నాడు. కొలతలు తీసుకున్నాను.

కొట్టు గలాయనకి ఇవాళే చెప్పాను, మళ్లీ రాసుకుంటానని. ప్రస్తుతానికి ఒక్క ఏడాదికే. నువ్వైనా అంతే చేసేదానివి కదా? మాల్ వాళ్లకి కుదరదని చెప్పాను. వాళ్లు పెద్దగా బాధపడలేదు.

టై ఆయన వీధిలో ఎదురై, "మేడమ్, మీ వదినగారు మాకు ఎనిమిది ఉత్తరాలు రాశారు" అన్నాడు. ఎనిమిదేనా, అన్నాను.

నీ పిట్ట

సెప్టెంబరు 17

పిట్టకి,

ఒక్క ఏడాదికే రాసుకోవడం సరైన పని. మీ అన్నయ్య "ధైర్యంగా అయిదేళ్లకి రాసుకోవాల్సింది" అన్నారు. ఆయన్ని కళ్లజోడు వెతుక్కోమన్నాను.

ఆ పెద్దాయనకి నువ్వు చెప్పిన జవాబు చదివాక, మా లిఫ్ట్ బాగైనా ఎక్కకుండా మెట్ల మీదే పైదాకా వచ్చాను. కింది ఇంటావిడ చూసి, "కాలు నొప్పా అండీ?" అంది. "లేదండీ, ఒక కాలు పొట్టి. మా మరదలు బూట్లు చేస్తుంది" అన్నాను. ఆవిడ తన అత్తగారి పాదం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నీ సైటు ఎలా వెతకాలో చెప్పాను, నా మాటల్లోనే.

శనివారం వస్తున్నాను. ఒక్కదాన్నే. నా కొయ్య పాదాలు పాతబడి ఉంటాయి, ఈ వయసులో పాదం వెడల్పవుతుందట, కొత్తగా కొలుచుకో. ఈసారి మూసిన నల్లబూట్లు వద్దు. వేళ్లు కనిపించే పట్టీల చెప్పులు కావాలి. ఎత్తు కింద సోల్‌లోనే పెట్టు, బయటికే ఉండనీ.

కుర్చీలో కూర్చోగానే అందరూ అడిగేది నేను అడగను. ముందే చెబుతున్నాను, సిద్ధంగా ఉండు.

ఎర్ర తోలు ఉందా?

నీ వదిన